బాణలిలోనికి తొంగిచూచు ప్రభుత్వము

2006వ సంవత్సరము డిసెంబరు మాసమున న్యూయార్కు నగర ఆరోగ్యమండలి, ఆ మహానగరమున ఆహారము వండి విక్రయించు ప్రతి హోటలును, ప్రతి రొట్టెల దుకాణమును, వీథి మలుపున నిలుచు తోపుడుబండ్లతో సహా, యంత్రశాలలలో పుట్టిన ట్రాన్స్ కొవ్వును తమ వంటలనుండి తొలగించి తీరవలెనని శాసించినప్పుడు, అమెరికా దేశమంతటను చెలరేగిన వాదోపవాదములలో పదేపదే వినవచ్చిన ప్రశ్న యొక్కటే: వయసు వచ్చిన మనుష్యులకు పథ్యము విధించుటకు ప్రభుత్వమెవరు? ఈ ప్రశ్న వేసినవారందరును హోటలు యజమానులు కారు గనుక దానిని వర్తకుల గగ్గోలని త్రోసివేయుట న్యాయము కాదు. తన నోట పెట్టుకొను ముద్దను గూర్చి తానే నిర్ణయించుకొనుట మానవుని స్వాతంత్ర్యములలో మొదటిది. అన్నములో ఎంత నెయ్యి వేసికొనవలెనో, ఏకాదశినాడు ఉపవాసముండవలెనో మానవలెనో, షష్టిపూర్తి దాటిన తండ్రి అడిగినప్పుడు మరియొక గారె వడ్డింపవచ్చునో కూడదో, ఇవి యన్నియు ఇంటివారు తేల్చుకొనవలసిన సంగతులే గాని పోలీసు ఠాణాలో తేలవలసినవి కావు. సాధారణముగా నేనును ఆ ప్రశ్న వేయువారి పక్షముననే నిలుతును. అయినను ట్రాన్స్ కొవ్వు విషయమున మాత్రము నిషేధమే న్యాయమని నా అభిప్రాయము. అందుకు కారణము ఆ పదార్థము హానికరమగుట యొక్కటే కాదు, తినువాడు దానిని ఎన్నడును కోరలేదు, కంటితో చూడలేడు, నాలుకతో గుర్తింపలేడు.

ద్రవరూపమున నున్న నూనెను గడ్డకట్టించు విద్యకు బీజము పందొమ్మిదవ శతాబ్ది చివర ఫ్రెంచి రసాయనవేత్త పాల్ సబాట్యే పరిశోధనలలో పడినది. మెత్తని నికెలు పొడి సమక్షమున ఉదజనిని ఇతర పదార్థములకు చేర్చవచ్చునని ఆయన చూపగా, జర్మనీ దేశీయుడగు విల్‌హెల్మ్ నార్మన్ ఆ ప్రక్రియను నూనెలకు అన్వయించెను. 1902లో ఆ దేశమున దానికి పేటెంటు లభించెను. 1911 నాటికి అమెరికాలో ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీవారు పత్తిగింజల నూనెను గడ్డకట్టించి క్రిస్కో అను పేరుతో అంగళ్ళకు పంపిరి. మన దేశమున 1937లో డాల్డా వెలువడినది. ఖర్జూరపు చెట్టు బొమ్మగల ఆ డబ్బాను చూడని తెలుగు వంటిల్లు ఒక తరముపాటు అరుదు. లోపలి సరకు అయిపోయిన పిదప అందులో తులసిమొక్క నాటిన ఇండ్లును లెక్కకు మిక్కిలి.

హోటలు నడుపువానికి ఈ సృష్టి వరప్రసాదము వలె కనబడుటలో ఆశ్చర్యమేమియు లేదు. నేతికంటె, వెన్నకంటె ఎంతయో చౌక. నెలల తరబడి నిలువయున్నను చెడువాసన పట్టదు. మరల మరల కాచినను తాళుకొనును. కర్రీపఫ్పునకు పొరలు విడదీయును. బిస్కట్టునకు పలుకుదనము తెచ్చును. ఇన్ని గుణములు గల పదార్థమును వాడినందుకు ఆనాటి వంటవారిని గాని వర్తకులను గాని దోషులనుట తగదు, ఏలయన దానిలో దాగిన దోషమును అప్పటికి వైద్యులే ఎఱుగరు.

మన దేశమున డాల్డా వంటి గడ్డకట్టించిన నూనెను, అనగా వనస్పతిని, నిషేధింపవలెనను ఉద్యమము చాల పాతది. గాంధీమహాత్ముడు హరిజన్ పత్రికలో దానిని ఖండించెను. స్వాతంత్ర్యము వచ్చిన తొలి సంవత్సరములలో దాని నిషేధమును గోరు బిల్లులు పార్లమెంటు ముందునకు వచ్చినవి. అయితే ఆ నాటి వివాదమంతయు ప్రధానముగా నేతిని గూర్చినది: నేతిలో వనస్పతి కలిపి అమ్ము మోసమునెట్లు అరికట్టుట? వనస్పతికి రంగు వేయించుదమన్నచో వంటకు, వేడికి నిలుచు అనువైన రంగు దొరకలేదు. చివరకు ప్రతి వనస్పతి తయారీదారుడును అందులో నూటికి ఐదుపాళ్ళకు తక్కువ కాకుండ నువ్వులనూనె కలపవలెనని నిబంధన ఏర్పరచిరి. నువ్వులనూనెకు ఆమ్లమును, ఫర్‌ఫ్యురాలును తగిలినచో ఎఱ్ఱని వన్నె తేలును గనుక, నేతిలో దొంగతనముగా చేరిన వనస్పతి ప్రయోగశాలలో వెంటనే బయటపడును. ఎంతయో చతురమైన ఏర్పాటు. నేతి స్వచ్ఛతను అది కాపాడినది, తినువాని గుండెను గూర్చి మాత్రము దానికి పట్టింపు లేదు. నాడు నిషేధము గోరినవారు ఓడిపోయిరి. వారు గెలిచియున్నచో మన దేశము ప్రపంచమునకంతటికిని ముందుండెడిదేమో గాని, అది కారణము తెలియక కొట్టిన దెబ్బయే అయియుండెడిది. అట్టి దెబ్బలపై శాసనములను నిలబెట్టుట నాకు సమ్మతము కాదు.

నిజమైన కారణము మెల్లగా తెలియవచ్చినది. ప్రకృతి సిద్ధమగు నూనెలలో కొవ్వు గొలుసులు వంకర తిరిగియుండును. వంకర కర్రలను మోపు కట్టినచో నడుమ సందులు మిగిలినట్లు అవి ఒకదానికొకటి ఒదుగవు గనుకనే నూనె పారుచుండును. ఉదజని చేర్చుటను సగములో ఆపినప్పుడు ఆ గొలుసులలో కొన్ని, అసంతృప్తములుగనే మిగిలిపోయియు, వంక తీరి తిన్ననగును. ఇవియే ట్రాన్స్ కొవ్వులు. నెమరువేయు పశువుల పాలలోను మాంసములోను ఇవి సహజముగా కొద్దిపాటి కలవు గాని, వనస్పతి డబ్బాలో వలె రాశులుగా మానవుని శరీరము ఏనాడును ఎఱుగదు. అమెరికాలో ఫ్రెడ్ కమ్మరో అను శాస్త్రజ్ఞుడు 1957లోనే మృతుల దేహములలో ఈ కొవ్వులు పేరుకొనియున్నవని ప్రకటించెను. ఆయన మాట చాలకాలము ఎవరును చెవిని బెట్టలేదు. 1990లో హాలెండు దేశపు పరిశోధకులు మెన్సింక్, కతాన్ గారలు ఈ కొవ్వు చెడ్డ కొలెస్ట్రాలును పెంచుటయే గాక మంచి కొలెస్ట్రాలును తగ్గించునని కూడ రుజువు చేసిరి. వెన్న మొదటి అపకారము చేయును గాని రెండవది చేయదు. 1993లో హార్వర్డు విశ్వవిద్యాలయపువారు వేలకొలది నర్సుల ఆహారమును ఏండ్ల తరబడి గమనించి అదే దిక్కున వ్రేలు చూపిరి. మనము తిను ఆహారపు శక్తిలో కేవలము నూటికి రెండుపాళ్ళు ఈ కొవ్వునుండి వచ్చినచో హృద్రోగభయము ఇంచుమించు నాల్గవవంతు పెరుగునని పెక్కు పరిశోధనలను కూడి చూచినవారు లెక్కగట్టిరి. ఏటా ఐదు లక్షలకు పైబడిన మరణములకు ఇది కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో అంచనా వేసెను.

స్వేచ్ఛావాదుల ప్రశ్నకు ఇప్పుడు మరల వత్తము. ఒకడు మిఠాయి దుకాణమునకు పోయి, నెయ్యి కారుచున్న మైసూరుపాకును చూచి, దాని ఫలితము తెలిసియు కొనితిన్నచో, ఆ సుఖమును ఆ కష్టమును ఆతనివే; ప్రభుత్వమునకు అందు జోక్యము లేదు. కాని ఏ కాలమునను ఏ భోక్తయు హోటలులో కూర్చుండి తన పూరీలను ట్రాన్స్ కొవ్వులో వేయింపుమని సర్వరును అడిగియుండలేదు. అది లేదని అలిగి లేచిపోయినవాడును లేడు. ఎన్నికయే లేనిచోట ఎన్నికస్వేచ్ఛ హరింపబడెననుట ఎట్లు పొసగును? ఇంటిలో డబ్బా మనము కొందుము. సంచిపై ముద్రించిన అక్షరములను, ఓపికయు కంటిచూపును ఉన్నచో, చదువుకొందుము. హోటలులో వంటింటికిని మనకును నడుమ గోడయొకటి కలదు. ఆ గోడకు ఆవల ఏ నూనె మరుగుచున్నదో ఎఱుగుటకు పౌరునికి సాధనము లేదు. అట్టి గోడను దాటి చూచుటకే గదా మనము ప్రభుత్వమునకు పన్నులు చెల్లించుట!

ఉపదేశము చాలదా, నిషేధమెందుకు అనువారికి న్యూయార్కు అనుభవమే సమాధానము. అచ్చటి ఆరోగ్యశాఖ మొదట నిషేధము జోలికి పోలేదు. 2005లో ఆ నగరపు హోటళ్ళలో సుమారు సగము ఈ కొవ్వును వాడుచున్నవని గ్రహించి, దానిని మానుడని ఏడాదిపాటు ఉత్తరములు వ్రాసి, శిక్షణలిచ్చి, బ్రతిమాలి చెప్పిరి. ఏడాది గడచిన పిదప మరల లెక్కింపగా వాడుచున్నవారు ఇంచుమించు ఆ సగమే. తరువాతనే శాసనము వచ్చినది. వేపుడు నూనెలకు 2007 జూలై నుండి, మిగిలిన వంటలకు 2008 జూలై నుండి గడువు పెట్టిరి. 2008 చివరకు వేపుడులకును పూతలకును దానిని వాడు హోటళ్ళు నూటికి రెండైనను మిగులలేదు. హోటళ్ళు మూతపడలేదు, వేపుళ్ళ రుచి మారలేదు. త్వరితాహారశాలలలో ఒక్కొక్క భోజనముతో కడుపులోనికి పోవు ట్రాన్స్ కొవ్వు సగటున 2.4 గ్రాములు తగ్గెనని తరువాత కొలిచి చూచినవారు తేల్చిరి. న్యూయార్కు రాష్ట్రమున ఇట్టి కట్టడి గల జిల్లాలను, లేని జిల్లాలతో పోల్చి 2017లో ప్రకటించిన పరిశోధనలో, మూడేండ్లు దాటిన పిదప గుండెపోటు, పక్షవాతములతో ఆసుపత్రులలో చేరువారు నూటికి ఆరుగురు చొప్పున తగ్గిరని కనబడినది. 2015లో అమెరికా ప్రభుత్వము దేశమంతటికిని అదే మార్గము పట్టినది. మూడేండ్ల గడువు 2018లో ముగిసినది. ఆ నిర్ణయమునకై తొంబదియెనిమిదవ ఏట ప్రభుత్వముపై దావా వేసినవాడు మరెవ్వరో కాదు, 1957నాటి కమ్మరోయే. ఆయన నూటరెండేండ్లు జీవించి 2017లో మరణించెను.

ఇచ్చట డెన్మార్కు దేశపు ఉదంతమును కొంత విస్తరించి చెప్పవలయును, ఏలయన ఒకే దేశము, ఒకే దశాబ్దమున, కొవ్వును గూర్చి రెండు శాసనములు చేసి, ఒకదానిలో కృతార్థమై, రెండవదానిలో నవ్వులపాలైనది. 2003లో ఆ దేశము, ఏ నూనెలోనైనను కొవ్వులోనైనను కృత్రిమ ట్రాన్స్ కొవ్వు నూటికి రెండుపాళ్ళు మించరాదని, ప్రపంచమున అన్ని దేశములకంటె ముందుగా శాసించెను. ప్రజలకు అట్టి చట్టమొకటి వచ్చినట్లు కూడ తెలియలేదనవచ్చును. రొట్టెలు, పేస్ట్రీలు ఎప్పటివలెనే ఉన్నవి, వాని లోపలి కొవ్వు మాత్రము మారినది. ఆ విజయము వలని ఉత్సాహమో ఏమో, 2011 అక్టోబరులో అదే దేశము వెన్న, జున్ను, మాంసములలోని సంతృప్త కొవ్వుపై బరువును బట్టి పన్ను వేసినది. ఈసారి ప్రజలకు తెలిసినది! వెన్న ధర పెరిగినది, వర్తకులు లెక్కలతో విసిగిరి, సరిహద్దు దాటి జర్మనీలో వెన్న కొనితెచ్చుకొను వారిని గూర్చి పత్రికలు వ్రాసినవి. 2013 జనవరి నాటికి ఆ పన్ను రద్దయ్యెను. మొదటి శాసనము తినువాడు కోరని వస్తువును తీసివేసినది. రెండవది తినువాడు కోరి తిను వస్తువుపై చేయి వేసినది. రెండింటికిని శాస్త్రమే ఆధారమని చెప్పిరి, రెండింటికిని ఉద్దేశము మంచిదే. అయినను వాని ఫలితములలో ఇంత అంతరము వచ్చుట కాకతాళీయమని నేను నమ్మజాలను.

మన దేశమున కేరళ ప్రభుత్వము ఆ రెండవ మార్గమునే త్రొక్కినది. 2016లో ఆర్థికమంత్రి థామస్ ఐజాక్ గారు పేరుమోసిన హోటళ్ళలో అమ్ము బర్గర్లు, పిజ్జాల వంటివానిపై నూటికి 14.5 వంతున కొవ్వు పన్ను విధించిరి. ప్రక్క వీథిలో నూనె ఓడుచున్న పరోటాకు పన్ను లేదు. మరుసటి ఏడు వస్తుసేవల పన్ను రాకతో అది కలిసిపోయినది గనుక దాని మేలును కీడును కొలుచుటకు అవకాశము లేకపోయినది. పిజ్జా పరదేశి, పరోటా మనది అను విచక్షణ రాజకీయమునకు పనికివచ్చునేమో గాని రక్తనాళములకు ఆ భేదము తెలియదు.

ట్రాన్స్ కొవ్వు విషయమున మాత్రము భారతదేశము, ఆలస్యముగనైనను, సరియైన త్రోవ పట్టినది. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ మొదట వనస్పతిలో దీనిని నూటికి పదిపాళ్ళకు, పిమ్మట ఐదింటికి, 2021 జనవరి 1 నుండి మూడింటికి, 2022 జనవరి 1 నుండి రెండింటికి పరిమితము చేసెను. ఆ నూనెలతో చేసిన ఆహారపదార్థములకును ఈ రెండుపాళ్ళ పరిమితి వర్తించును. ఈ శాసనమునందలి వివేకము ఏమనగా, దాని భారము ముందుగా కర్మాగారముపై పడును. న్యూయార్కు నగరమునకు దేశములోని నూనె మిల్లులపై అధికారము లేదు గనుక అది హోటళ్ళ వెంట పడవలసివచ్చినది. కేంద్ర ప్రభుత్వమునకు ఆ ఇక్కట్టు లేదు: వనస్పతి, మార్జరిన్ చేయు మిల్లులు లెక్కకు వచ్చునవి, హోటళ్ళు, బండ్లు లెక్కకు రానివి. మిల్లులో విషము పుట్టనిచో వీథి చివరి బేకరీవానికి నీతులు బోధింపనక్కరలేదు.

అట్లయినచో కథ ముగిసినదా? లేదు. మిల్లునుండి శుభ్రముగా వెలువడిన నూనె కూడ హోటలు బాణలిలో పడిన పిదప మరియొక అవతారమెత్తును. ఉదయము పూరీలకు, మధ్యాహ్నము అప్పడములకు, సాయంకాలము పునుగులకును మిరపకాయ బజ్జీలకును, రాత్రి చికెన్ వేపుళ్ళకును అదే నూనెను కాచి కాచి, తరిగినంత మాత్రమే క్రొత్తది పోయుచు, నలుపెక్కి, చిక్కనై, నురుగు కట్టువరకు నడిపించుట మన హోటళ్ళలో వింత కాదు. ఇట్లు మరిగిన నూనెలో పుట్టు వికారపదార్థములు నూటికి ఇరువదియైదు పాళ్ళు మించినచో దానిని పారవేయవలెనని 2018 జూలై 1 నుండి చట్టము కలదు. దినమునకు ఏబది లీటర్లకు పైగా నూనె వాడువారు లెక్కలు వ్రాయవలెననియు నిబంధన కలదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడ వేపుడునకు వాడిన నూనెను మరల వేపుడునకు వాడవలదని చెప్పుచునే యున్నది.

కాని ఈ శాసనమును కర్మాగారపు శాసనముతో సమానముగా ఎంచుట పొరపాటు. అది పది తలుపులు తట్టి నెరవేర్చదగినది. ఇది లక్ష బాణలులను వెదకవలసినది. నూనెలోని చెడుగును కొలుచు మీటరు పెద్ద పెద్ద హోటలు గొలుసుల వంటిండ్లలో ఉండవచ్చును; బస్టాండు ప్రక్కన గొడుగు క్రింద బజ్జీలు వేయు అవ్వకు దాని పేరైనను తెలియదు. తెలిసినను, సగము డబ్బా నూనెను ఏ పూటకాపూట పారబోసినచో ఆమెకు ఆనాటి లాభమే మిగులదు. పైగా పెద్ద హోటలువాడు వాడి విడిచిన నూనె నేలపాలగుట లేదు. దానిని చౌకగా కొని, చిన్న హోటళ్ళకును బండ్లకును చేర్చు మధ్యవర్తులు కలరు. ధనవంతుని పళ్ళెములో మొదటి కాపు, పేదవాని పొట్లములో పదవ కాపు: ఈ ప్రయాణమును ఆపనిదే అవ్వకు జరిమానా వేయుట, నా దృష్టిలో, అధికారుల కాగితములు నింపుటకు మాత్రమే ఉపకరించును.

ఆ ప్రయాణమును ఆపు ఉపాయము లేకపోలేదు. వాడిన నూనెను సేకరించి బయోడీజిలుగా మార్చు పథకమొకటి 2018 ఆగస్టు నుండి దేశమున నడచుచున్నది. పెద్ద హోటళ్ళవారు తాము వాడిన నూనెను ప్రభుత్వము గుర్తించిన సేకర్తలకే అమ్మవలెనని కట్టడి చేసి, కొన్న నూనెకును అమ్మిన నూనెకును లెక్క సరిచూచినచో, నల్లనూనె బజారుకు మూలమే ఎండిపోవును. బండివారి విషయమున శిక్షకంటె ధర ముఖ్యము: వారి వాడిన నూనెకు బండి దగ్గరకే వచ్చి రొక్కమిచ్చువాడున్నచో, దానిని మరునాటికి దాచుకొనవలసిన అవసరము సగమైనను తగ్గును. మునిసిపాలిటీలు చెత్తకు బండ్లు తిప్పుచునే యున్నవి గదా. నూనెకొక డబ్బా తిప్పలేవా?

నిషేధోత్సాహులు ఇంకొక మెట్టెక్కి, పామాయిలును కూడ హోటళ్ళనుండి వెళ్ళగొట్టవలెనందురు. వారితో నేను ఏకీభవింపను. ట్రాన్స్ కొవ్వు తొలగినచోట గట్టి కొవ్వు కావలసిన వంటలకు పామాయిలు వచ్చి చేరుట నిజమే. న్యూయార్కులో కూడ ట్రాన్స్ కొవ్వు తగ్గినప్పుడు సంతృప్త కొవ్వు స్వల్పముగా పెరిగినది, తగ్గినదానిలో నాల్గవవంతునకు మించలేదు. సంతృప్త కొవ్వు మితముగా తిన్నచో ఆహారము, మితిమీరినచో అనారోగ్యము. కృత్రిమ ట్రాన్స్ కొవ్వునకు అట్టి మేలైన మితమేదియు కనబడలేదు. పశ్చిమ గోదావరి, ఖమ్మము ప్రాంతములలో పామాయిలు తోటలు వేసికొనుడని ప్రభుత్వములే రైతును ప్రోత్సహించి, ఆ నూనెను వంటింట నేరముగా ప్రకటించుట చోద్యము కూడ. దానిని గూర్చి చెప్పవలసినది చెప్పుదురు గాక; హోటలువారు ఏ నూనె వాడుచున్నారో గోడపై పలక కట్టుదురు గాక. అంతకు మించి లాఠీ అనవసరము.

ఈ రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములు వీథిబండి దగ్గరకు పోవుటకు ముందు చూడవలసిన బాణలులు వేరే కలవు. సంక్షేమ వసతిగృహములలో, గురుకులములలో, ఆసుపత్రి క్యాంటీనులలో, విశ్వవిద్యాలయ భోజనశాలలలో, బస్టాండు స్టాళ్ళలో వంట చేయించువారు, లేదా కాంట్రాక్టు ఇచ్చువారు, ప్రభుత్వమువారే. అచ్చట తినువారిలో పెక్కుమంది పిల్లలును రోగులును. వేరొక హోటలునకు పోవు అవకాశము వారికి లేదు. నూనె సరఫరా టెండరులో ట్రాన్స్ కొవ్వు పరిమితిని, ప్రయోగశాల పరీక్షను షరతుగా చేర్చుటకు, నెలకొకమారు మీటరుతో బాణలిలోని నూనెను కొలిచి ఆ అంకెను ఆనాటి వంటకముల పట్టిక ప్రక్కన తెలుగులో వ్రాయుటకు క్రొత్త చట్టమేదియు అక్కరలేదు. ఒక్క ఉత్తరువు చాలును.